ఇంటిలో టమాటా సాసును, బార్బెక్యూ సాసును చేసికొను విధము

(ఒక వ్యవసాయ డిమాన్‌స్ట్రేటరు వ్రాసినది)

టమాటా పంట వేయు రైతునకు కఱవుకంటె సమృద్ధియే ఎక్కువ నష్టమును కలిగించుచున్నది. వానలు లేక వరి ఎండినయెడల నష్టమునకు కారణము కంటికి కనబడును. టమాటా విషయము అట్టిది కాదు. చెట్టునిండ కాయ కాచి, పండు ఎఱ్ఱగా మాగి, గంపలు నిండిన దినముననే ధర పడిపోవును. 2023 వ సంవత్సరము జూలై నెలలో మదనపల్లి మార్కెట్టునందు కిలో నూఱు రూపాయలు దాటి పలికిన పండు ఆ సంవత్సరమే సెప్టెంబరు నెలలో కొలది రూపాయలకు దిగిపోయినది. కోతకూలియు బండి బాడుగయు గిట్టక రైతులు పండ్లను దారిప్రక్కల పారబోసిరి. ఆ దినములయందును కిరాణా దుకాణములోని సాసు సీసా ధర మాత్రము పడలేదు.

ఐగుప్తు దేశమున ఏడు సంవత్సరములు పంట విరివిగా పండినప్పుడు యోసేపు ధాన్యమును కొట్లలో నిలువ చేయించి, తరువాత వచ్చిన ఏడు సంవత్సరముల కఱవును జనులకు దాటించిన కథ బైబిలునందు కలదు. ధాన్యము ఎండినది గనుక కొట్టు కట్టిన చాలెను. మాగిన టమాటా పండో, వారము దినములైన ఆగదు. దానిలోని నీటిని తగ్గించి, పులుపును ఉప్పును చక్కెరను తగినంత చేర్చి, వేడిగా నున్నప్పుడే సీసాలో మూయవలెను. అప్పుడే అది నిలుచును. ఈ పని ప్రతి రైతు ఇంటిలోను జరుగదగినదే. కాని కొలత తప్పినయెడల సాసు చెడుటయే గాక, తిన్నవారి ప్రాణమునకును అపాయము రావచ్చును. కావున ఈ పాఠమున ప్రతి పనికిని కారణమును గూడ చెప్పుచున్నాము.

1. సాసు ఏల నిలువయుండును?

టమాటా పండులో నూటికి సుమారు 94 పాళ్లు నీరే. మిగిలిన కొలది పాళ్లలో చక్కెర, పులుపు, పీచు, రంగు మొదలగునవి యున్నవి. ఇంత నీరున్నచోట బూజును, పులియబెట్టు సూక్ష్మజీవులును సులభముగా వృద్ధిపొందును. వానిని అడ్డుటకు మనకు నాలుగు సాధనములు కలవు.

మొదటిది వేడి. నీరు మఱుగు వేడికి బూజును, ఈస్టును నశించును. కాని బోట్యులిజమను ప్రాణాంతకమైన వ్యాధికి కారణమగు విషమును పుట్టించు సూక్ష్మజీవి యొకటి కలదు. దాని బీజములు మఱుగుచున్న నీటియందును చావవు. పైగా అది గాలి లేనిచోట, అనగా మనము భద్రముగా మూతవేసిన సీసాలోపలనే పెరుగును. దాని విషమునకు అన్నివేళల రుచిగాని వాసనగాని యుండదు.

రెండవది పులుపు. పైజెప్పిన జీవిని అడ్డునది ఇదియే. పులుపును పి.హెచ్. అను కొలతతో కొలుతురు. ఈ కొలతలో అంకె తగ్గినకొలది పులుపు ఎక్కువని యర్థము. అంకె 4.6 కంటె తక్కువయున్నచోట బోట్యులిజము పుట్టించు జీవి పెరుగజాలదు. టమాటా పండు సాధారణముగా 4.2 కును 4.6 కును నడుమ నుండును. మిక్కిలి మాగిన పండ్లును, తీపి హెచ్చైన కొన్ని రకములును ఆ హద్దును దాటవచ్చును. కావున సాసులో వేయు వినెగరు రుచికొఱకు మాత్రమే వేయునది కాదు. అది ఇంటివారి ప్రాణములకు కావలి. పిల్లలకు పులుపు గిట్టదని దానిని తగ్గింపరాదు. పులుపు ఎక్కువగా తోచినచో చక్కెరను కొంచెము హెచ్చింపవచ్చును.

మూడవది చక్కెరయు ఉప్పును. ఇవి నీటిని తమతో పట్టియుంచి, సూక్ష్మజీవులకు అందకుండ చేయును. నాలుగవది గాలి చొరనీయని మూత. ఈ నాలుగింటిలో ఏ యొక్కటియు తక్కిన మూటి పనిని చేయజాలదు.

2. పండ్లను ఎన్నుకొనుట

ధర పడినప్పుడు చేయు పని గనుక, అమ్ముడుపోని పండ్లన్నియు సాసుకు పనికివచ్చునని కొందఱు తలతురు. అది సరికాదు. చిన్నవియు, వంకరవియు, పైతోలుమీద ఎండదెబ్బ మచ్చ గలవియు పనికివచ్చును. కుళ్లినవి, బూజుపట్టినవి, పగిలి పులిసినవి పనికిరావు. కుళ్లిన భాగమును కోసివేసి మిగిలినదానిని వాడుట కూడ మంచిది కాదు. టమాటావంటి మెత్తని పండులో బూజు కంటికి కనబడిన మేరను దాటి లోపలికి వ్యాపించియుండును. ఒక్క పులిసిన పండు పది కిలోల సాసుకు చెడురుచి తేగలదు.

పండు చెట్టుమీదనే పూర్తిగా ఎఱ్ఱబాఱినదై యుండవలెను. తొడిమచుట్టు పచ్చదనమున్న పండ్లు సాసుకు గోధుమరంగును తెచ్చును. అట్టివానిని రెండుమూడు దినములు నీడను పఱచి, రంగు తిరిగిన పిమ్మట వాడవలెను.

నాటు టమాటాలో రసమును పులుపును హెచ్చు; గుజ్జు తక్కువ. దూరప్రయాణముకొఱకు పెంచు సంకరరకములలో గుజ్జు హెచ్చు, పులుపు తక్కువ. రెండును సగముసగము కలిపినచో చిక్కదనమును రుచియు సరిగా కుదురును. రాబోవు పంటలో కొంత భాగము సాసుకని తలపెట్టువారు గుజ్జు హెచ్చుగా నుండు రకములను వేసికొనుట మేలు. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధనా సంస్థవారు వెలువరించిన అర్క రక్షక్ అను సంకరరకము అంగడికిని, సాసు మొదలగువాని తయారుకును తగియున్నది.

3. పాత్రలు

ఇనుపమూకుడును, కళాయిలేని రాగి, ఇత్తడి పాత్రలను వాడరాదు. పండులోని పులుపు ఆ లోహములను కరగించుకొనును. ఇనుము కొంచెము దిగినను, మసాలాలోని వగరుతో కలిసి సాసును నల్లబఱచును. సీసా మెడవద్ద నల్లని వలయము కట్టుటకు సాధారణముగ ఇదియే కారణము. లవంగముల తలలను గిల్లివేసి కాడలను మాత్రమే వేయుమనుటయు అందులకే. వగరు తలయందు హెచ్చు. అల్యూమినియపు పాత్రలు కూడ పులుపునకు గుంటలు పడును. స్టెయిన్‌లెస్ స్టీలు పాత్ర అన్నిటికంటె మేలు. దాని నోరు వెడల్పుగాను అడుగు మందముగాను ఉండవలెను. నోరు వెడల్పైనకొలది ఆవిరి త్వరగా పోవును. అడుగు మందమైనకొలది మాడుట తగ్గును.

4. పది కిలోల పండ్లకు కావలసిన సరకులు

చక్కెర: 500 గ్రాములు
ఉప్పు: 70 గ్రాములు
ఉల్లిపాయలు: 300 గ్రాములు
అల్లము: 60 గ్రాములు
వెల్లుల్లి: 40 గ్రాములు
మిరపపొడి: 25 గ్రాములు
మిరియములు: 10 గ్రాములు
జీలకఱ్ఱ: 10 గ్రాములు
దాల్చినచెక్క: 8 గ్రాములు
తల గిల్లిన లవంగములు: 5 గ్రాములు
పెద్ద ఏలకులు: 5 గ్రాములు
వినెగరు (నూటికి 4 పాళ్ల పులుపు గలది): 250 మిల్లీలీటర్లు

వినెగరు సీసామీద పులుపు ఎంత పాలో వ్రాసియుండును; చూచి కొనవలెను. గ్లేషియల్ అసిటికామ్లము చవుకయని దానిని ఇంటికి తెచ్చుట క్షేమము కాదు. అది చర్మమును కాల్చును. పిల్లలు నీళ్లని త్రాగిన ప్రమాదము.

5. చేయు విధము

పండ్లను రెండు నీళ్లలో కడిగి, తొడిమలు తీసి, ముక్కలుగా కోయవలెను. కోసినవి కోసినట్లే పొయ్యిమీదనున్న పాత్రలో వేయుచు పోవలెను. ముక్కలన్నియు కోసి, కుప్పగా పెట్టి, తీరికగా పొయ్యి ముట్టించుట తప్పు. దీనికి కారణము గలదు. పండుగుజ్జును చిక్కగా పట్టియుంచునది పెక్టిన్ అను పదార్థము. పండు కోయగానే అందలి కిణ్వములు ఆ పెక్టినును విఱుచుట కారంభించును. సుమారు 85 డిగ్రీల వేడికి పైబడినచో ఆ కిణ్వముల పని ఆగిపోవును. త్వరగా కాచినచో చిక్కదనము నిలుచును. ఆలస్యమైనచో సాసు ఎంత కాచినను, సీసాలో అడుగున గుజ్జు, పైన నీరుగా విడిపోవును.

ముక్కలు మెత్తబడిన పిదప దించి, స్టీలు జల్లెడలో వేసి గఱిటెతో రుద్దుచు వడియగట్టవలెను. తోలును గింజలును పైన నిలుచును. పది కిలోల పండ్లకు సుమారు ఎనిమిది కిలోల గుజ్జురసము దిగును. ఈ తోలుగింజలను పారవేయక పెంటకు చేర్చినచో ఎరువగును.

ఉల్లి, అల్లము, వెల్లుల్లి సన్నగా తఱిగి, మసాలా దినుసులను కచ్చాపచ్చాగా దంచి, మిరపపొడితోగూడ పలుచని శుభ్రమైన గుడ్డలో వదులుగా మూటగట్టవలెను. బిగించి కట్టినయెడల సారము దిగదు. ఈ మూటను రసములో వేసి, చక్కెరలో మూడవవంతు మాత్రమే చేర్చి, పెద్దమంటమీద కాచవలెను. మొదట వేసిన కొంచెము చక్కెర ఎఱుపురంగును కాపాడును. చక్కెర అంతయు మొదటనే వేసినచో పులుపుతో చిరకాలము కాగి రంగు నల్లబాఱును, అడుగంటును. ఉప్పును మొదటనే వేసినచో రంగు వెలయును. వినెగరును మొదటనే వేసినచో దాని పులుపు ఆవిరితో ఎగిరిపోవును. కావున ఈ మూడింటిని చివరకే ఉంచవలెను.

రసము సగమగువఱకు పెద్దమంట ఉండవచ్చును. అటుపిమ్మట మంట తగ్గించి, ఎడతెగక కలుపుచుండవలెను. అప్పుడప్పుడు మూటను గఱిటెతో ఒత్తి సారమును దింపవలెను. చిక్కబడినకొలది సాసు పైకి చిందును గనుక పిల్లలను పొయ్యిదగ్గఱకు రానీయరాదు.

పాకము కుదిరినదో లేదో తెలిసికొనుటకు మూడు ఉపాయములు కలవు. ఒకటి, పొయ్యిమీద పెట్టకముందు రసములో పుల్లను నిలువుగా ముంచి, తడిసిన ఎత్తునకు గీత పెట్టి, ఆ ఎత్తులో మూడవవంతునకు కొంచెము పైగా మఱియొక గీత పెట్టుకొనవలెను. సాసు ఆ గీతకు దిగినప్పుడు పాకము దగ్గఱపడినట్లు. రెండు, చల్లని పళ్లెముమీద ఒక చెంచాడు సాసు వేసి ఒక నిమిషము చూడవలెను. చుట్టును నీరు ఊరి వలయముగా కనబడినచో ఇంకను కాచవలెను. నీరు విడువక కుప్పగా నిలిచినచో చాలును. మూడు, రిఫ్రాక్టోమీటరు అను చిన్న పరికరము. చల్లార్చిన ఒక చుక్క దానిమీద వేసి చూచినచో అంకె 28 గాని, అంతకు పైగాని యుండవలెను. అమ్మకముకొఱకు చేయువారికి ఈ పరికరము తప్పనిసరి.

పాకము దగ్గఱపడినప్పుడు మూటను పిండి తీసివేసి, మిగిలిన చక్కెరను, ఉప్పును వేసి, ఐదాఱు నిమిషములు కాచి, కడపట వినెగరు పోసి, మఱియొక ఐదు నిమిషములు మఱిగించి దింపవలెను. సుమారు మూడు కిలోల సాసు తయారగును.

6. సీసాలలో నింపుట

సాసు కాగుచుండగనే సీసాలను సిద్ధము చేసికొనవలెను. సబ్బునీటితో కడిగిన గాజుసీసాలను పెద్దపాత్రలో అడుగున గుడ్డ పఱచి, చన్నీటిలో ముంచి, క్రమముగా కాచి, అరగంట మఱుగనీయవలెను. మూతలను గూడ కొలది నిమిషములు వేడినీట ఉంచవలెను. వేడిసీసాలోనే వేడిసాసును నింపవలెను. చల్లని సీసాలో పోసిన సీసా పగులును. చల్లాఱిన సాసును పోసిన బూజు దిగును. నింపునప్పుడు సాసు వేడి 85 డిగ్రీలకు తగ్గరాదు. పైన రెండు సెంటీమీటర్ల ఖాళీ విడిచి, మూతిని శుభ్రమైన తడిగుడ్డతో తుడిచి, వెంటనే మూత బిగింపవలెను.

నింపిన సీసాలను మఱల వేడినీటి పాత్రలో గుడ్డపై నిలిపి, నీరు సీసా మెడవఱకు వచ్చునట్లు పోసి, 85 నుండి 90 డిగ్రీల వేడిలో అరగంట ఉంచవలెను. పిమ్మట తీసి చెక్కపలకమీదగాని, మడిచిన గుడ్డమీదగాని పెట్టి, గాలి తగులనిచోట తమంతట తామే ఆఱనీయవలెను. తడి బండపై పెట్టినచో పగులును.

సీసాపై చేసిన తేదీని వ్రాసి అంటించి, ఎండ తగులని చల్లనిచోట ఉంచి, ఆఱుమాసములలోపల వాడుకొనవలెను. తెఱచిన సీసాను ఫ్రిజ్‌లో పెట్టి ఒక నెలలోపల ముగింపవలెను. మూత ఉబ్బినను, తెఱచునప్పుడు నురుగు పొంగినను, బూజు కనబడినను, వింతవాసన వచ్చినను, రుచి చూడక పారవేయవలెను. రుచి చూచి తెలిసికొందమనుట ప్రమాదము. ఒక సీసా నష్టము ఏపాటిది?

ఇంటి వాడుకకు ఇట్లు చేసినచో సోడియం బెంజోయేటు మొదలగు నిలువమందులు అక్కఱలేదు. అమ్మకమునకు చేయువారు దానిని వాడినయెడల చట్టము విధించిన మితిని మీరరాదు. చీటీపై ఆ సంగతి వ్రాయవలెను.

7. బార్బెక్యూ సాసు

టమాటా సాసు చేయ నేర్చినవారికి బార్బెక్యూ సాసు మఱియొక్క మెట్టు మాత్రమే. ఇది అమెరికా సంయుక్త రాష్ట్రముల దక్షిణభాగమున పుట్టిన వంట. నిప్పులపై కఱ్ఱలచట్రము వేసి మాంసమును మెల్లగా కాల్చు పద్ధతి కరీబియన్ దీవుల ఆదివాసులది. వారి భాషలోని మాటయే స్పానిషువారి నోట ‘బార్బకోవా’ యై, ఇంగ్లీషున బార్బెక్యూ అయినది. ఆ దేశమున దాసులుగా నుంచబడిన ఆఫ్రికా జాతివారే తరతరములుగా నిప్పులగుంటలకడ నిలిచి ఈ వంటకు నేర్పు తెచ్చిరి.

అచటను ఈ సాసు ఒక్కటే తీరు కాదు. ఉత్తర కరోలినా తూర్పుభాగమువారు వినెగరు, మిరప, ఉప్పు మాత్రమే కలిపిన పలుచని సాసు వాడుదురు. అందు టమాటా యుండదు. దక్షిణ కరోలినాలో ఆవముద్దతో చేసిన పసుపుపచ్చని సాసు ప్రసిద్ధము. టెక్ససు మధ్యభాగమున మాంసమే ముఖ్యము. సాసును ప్రక్కన పెట్టుదురు. కాన్సస్ నగరమువారి సాసు టమాటాతోను, చెఱకు మడ్డితోను చేసిన చిక్కని తీపిపులుసు. దుకాణములలో ఎక్కువగా అమ్ముడుపోవునది ఈ చివరి తీరే. అమెరికాలో నున్న మన బిడ్డలు ఇంటికి వచ్చినప్పుడు అడుగునదియు తఱచుగా ఇదియే.

ఈ సాసునకు కావలసినవన్నియు మన చేలలోనివే. చెఱకు మడ్డికి బదులుగా బెల్లము చాలును. బెల్లములో ఆ మడ్డి తీయబడక యుండును గనుక రంగును రుచియు దగ్గఱగా వచ్చును. అనకాపల్లి బెల్లమువంటి ముదురురంగు బెల్లము మేలు. అమెరికావారు ఈ సాసులో తఱచుగా కలుపు వూస్టర్‌షైరు సాసు అను ఇంగ్లీషు సరకులో మన చింతపండు కూడ ఒక దినుసు. మనము సీసా కొననేల? చింతపండునే వేసికొనవచ్చును.

పైన చెప్పినట్లు చేసిన టమాటా సాసు ఒక కిలోకు: బెల్లము 150 గ్రాములు, చింతపండు 50 గ్రాములు, వినెగరు 100 మిల్లీలీటర్లు, ఉల్లి 100 గ్రాములు, వెల్లుల్లి 20 గ్రాములు, ఆవపిండి 10 గ్రాములు, మిరపపొడి 10 గ్రాములు, మిరియపుపొడి 5 గ్రాములు.

చింతపండును 200 మిల్లీలీటర్ల వేడినీటిలో నానవేసి, పిసికి, వడియగట్టవలెను. బెల్లమును కొంచెము నీటిలో కరగించి, ఇసుకయు పీచును పోవునట్లు వడియగట్టవలెను. ఆవపిండిని చన్నీటితో కలిపి పది నిమిషములు ఉంచవలెను. ఆవఘాటు నీటియందే పుట్టును. వినెగరులోగాని వేడినీటిలోగాని కలిపినచో పుట్టదు. ఉల్లిని వెల్లుల్లిని మెత్తగా నూఱి, చింతపండు రసముతోను సగము వినెగరుతోను పావుగంట ఉడికింపవలెను. నూనెలో వేపరాదు, నూనె సీసాలో పైకి తేలి నిలువను చెఱుచును. తరువాత బెల్లపునీరు, టమాటా సాసు, కారము, మిరియపుపొడి వేసి, సన్నమంటపై ఇరువది నిమిషములు కలుపుచు కాచి, చివర ఆవముద్దను మిగిలిన వినెగరును చేర్చి, ఐదు నిమిషములు మఱిగించి, పైజెప్పినట్లే సీసాలలో నింపవలెను. ఉప్పు రుచిచూచి వేసికొనవచ్చును.

పొగవాసన కోరువారు భోజనమునకు ముందు కావలసినంత సాసును గిన్నెలోనికి తీసి, నడుమ చిన్న స్టీలుగిన్నెలో ఎఱ్ఱని బొగ్గునిప్పు నుంచి, దానిపై ఒక చుక్క నేయి వేసి, ఐదు నిమిషములు మూత పెట్టినచో చాలును.

వాడుటలో రెండు జాగ్రత్తలు కలవు. మొదటిది, ఈ సాసులో బెల్లము గలదు గనుక మొదటనే పూసి కాల్చినచో పైన మాడును, లోపల పచ్చిగా నుండును. మాంసమును ఉప్పుకారములతో నిప్పులపై, మంటపై గాక, మెల్లగా కాల్చి, చివరి పది నిమిషములలో సాసును రెండుమూడుసారులు పూయవలెను. రెండవది, పచ్చిమాంసమును తాకిన కుంచెనుగాని చెంచానుగాని సీసాలో ముంచరాదు. సాసును వేఱుగిన్నెలోనికి తీసి వాడి, మిగిలినదానిని పారవేయవలెను. మాంసము తిననివారు కాల్చిన మొక్కజొన్నకును, వంకాయకును, పన్నీరుకును దీనిని పూసికొనవచ్చును.

8. లాభనష్టముల లెక్క

చక్కెరకు 25 రూపాయలు, వినెగరుకు 15, ఉల్లి, అల్లము, మసాలాలకు 40 అనుకొందము. పొయ్యిసంగతి చూడుడు: ఎనిమిది కిలోల రసమునుండి సుమారు ఐదున్నర లీటర్ల నీటిని ఆవిరిగా పంపవలెను. దీనికి అరకిలో గ్యాసు పట్టును. దాని ఖరీదు 30 రూపాయలు. మొత్తము 110 రూపాయలు. పండు ధర కిలో 5 రూపాయలైనచో పది కిలోలకు 50. మూడు కిలోల సాసుకు 160 రూపాయలు, అనగా కిలోకు 53 రూపాయలు. సీసాలు పాతవే కడిగి వాడుదుమని తలచితిమి. మూతలు మాత్రము బిగువుగా నుండవలెను.

అంగడిలో సాసు కిలో 120 రూపాయలనుకొన్నచో మూడు కిలోలకు 360. అందు 110 తీసివేయగా 250 మిగులును. అనగా పండు ధర కిలో 25 రూపాయలకు లోపలనున్నప్పుడే ఇంటిలో సాసు చేయుట గిట్టును. ఇందులో ఇల్లాలి శ్రమను కట్టలేదు. ఆమె సగము దినపు పనికి 150 రూపాయలు కట్టినచో హద్దు కిలో 10 రూపాయలకు దిగును. ఆమె పనికి వెల లేదనుకొని వేసిన లెక్క తప్పులెక్కయే. ధర హెచ్చుగా నున్న దినమున పండ్లనే అమ్ముకొని, ధర పడిన దినమున సాసు చేయుట యుక్తము. ఈ ధరలు మాదిరికి చెప్పినవి. ఎవరి ఊరి ధరలను వారు వేసికొని లెక్క చూచుకొనవలెను.

9. సంఘము చేయదగిన పని

ఒక్క మాట స్పష్టముగా చెప్పవలెను. ఇంటిపొయ్యి ఇంటికి సరిపడు సాసును, బంధువులకు పంపదగిన పది సీసాలను ఇచ్చును. ఎకరము పంటను అది రక్షింపజాలదు. ఇరువదియైదు కిలోల క్రేట్లు నూఱు మిగిలిన రైతునకు పై పద్ధతిని రెండువందల యేబదిమాఱులు చేయుమనుట పరిహాసమగును. ఆ పని పదిమంది కలిసినగాని కాదు. గుజ్జు తీయు యంత్రము, ఆవిరితో కాచు పాత్ర, రిఫ్రాక్టోమీటరు, పి.హెచ్. మీటరు, మూతలు బిగించు యంత్రము ఒక్కొక్కరు కొనజాలరు, సంఘము కొనవచ్చును. ధర పడిన వారము దినములలో గుజ్జును తీసి నిలువచేసినచో సాసును తీరికగా చేసికొనవచ్చును.

అమ్మకమునకు దిగునప్పుడు 2006 సంవత్సరపు ఆహార భద్రతా ప్రమాణముల చట్టము ప్రకారము నమోదుగాని లైసెన్సుగాని పొందవలెను. టమాటా సాసు అను పేరుతో అమ్మునదానిలో, ఉప్పును మినహాయించి, కరగిన ఘనపదార్థము నూటికి 25 పాళ్లకు తగ్గరాదనియు, పులుపు అసిటికామ్లముగా లెక్కించి నూటికి ఒక పాలుకు తగ్గరాదనియు నియమము. గుమ్మడిగుజ్జును, అద్దకపు రంగును కలిపి చిక్కదనమును ఎఱుపును తెచ్చువారు లేకపోలేదు. మన సీసాపై సంఘము పేరుండును. ఒక్క సీసా దోషముతో ఊరంతటి పేరు పోవును.

2020 వ సంవత్సరమున భారత ప్రభుత్వమువారు చిన్న ఆహార పరిశ్రమల పథకమొకటి ఆరంభించి, యంత్రాదుల ఖర్చులో నూటికి 35 పాళ్ల సహాయమును ఏర్పఱచిరి. ఇట్టి సహాయము ఈ సంవత్సరము ఏమేమి దొరకునో సంఘ కార్యదర్శి జిల్లా ఉద్యానశాఖ కార్యాలయమున విచారించి, వచ్చు సమావేశమున సభ్యులకు తెలుపుట మంచిది. యంత్రము కొనకముందే పది కుటుంబములవారు ఇంటిపొయ్యిమీద ఈ పాఠమును ఒకమాఱు చేసి చూచియుండవలెను. చేతితో చేయనేరని పనికి యంత్రము తెచ్చిన, యంత్రము మూలబడును. అప్పు మాత్రము నడచుచుండును.

10. సమావేశములలో చర్చించుటకు ప్రశ్నలు

1. వినెగరును ఏల తగ్గింపరాదు? దానిని చివరనే ఏల వేయవలెను?
2. పండు కోసిన వెంటనే ఏల కాచవలెను?
3. ఇనుపమూకుడున చేసిన సాసు ఏల నల్లబడును?
4. పాకము కుదిరినదని తెలిసికొను మూడు ఉపాయములు ఏవి?
5. బార్బెక్యూ సాసును మాంసముపై ఎప్పుడు పూయవలెను? మిగిలినదానిని సీసాలో మఱల ఏల పోయరాదు?
6. మీ ఊరిలో నేటి ధరలనుబట్టి, పండు ధర ఎంతకు దిగినప్పుడు సాసు చేయుట గిట్టును? ఇల్లాలి కూలిని కట్టియు, కట్టకయు రెండు విధముల లెక్క వేసి తెండు.